మా ఆవిడను మొదటిసారి బౌలింగ్‌కు తీసుకుపోతున్నా, ఎలా ప్లాన్ చేయాలి?

పాలమూరు పిల్లగాడు:

అందరికీ నమస్తే. మాది మహబూబ్‌నగర్. వచ్చే నెలకు మా పెళ్లై రెండేళ్లు. మా ఆవిడ స్టాఫ్ నర్సు. ఈ రెండేళ్లలో ఇద్దరం కలిసి పోయిందంటే మన్యంకొండ గుడి, పిల్లలమర్రి, ఒకసారి కోయిల్‌సాగర్. ప్రతిసారీ వెంట అమ్మో, చెల్లెలో, పక్కింటి పిల్లలో ఉన్నారు. మొన్న రాత్రి ఫోన్‌లో ఎవరో బౌలింగ్ (క్రికెట్‌ది కాదు, బరువైన బంతిని దొర్లించి చివర నిలబెట్టిన సీసాల్లాంటి పది పిన్నుల్ని పడగొట్టే ఆట) ఆడే వీడియో చూస్తూ "ఆ బంతి పట్టుకుంటే ఎట్లుంటదో" అంది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. తను నోరు తెరిచి ఏదీ అడగదు, అందుకే ఆ ఒక్క మాట నాకు మనసులో నిలిచిపోయింది.

బుధవారం తనకు ఆఫ్, నేనూ సెలవు పెడతా. పొద్దున హైదరాబాద్ పోయి రాత్రికి వచ్చేయాలి. ఇద్దరికీ ఆట రాదు. చీరలో ఆడొచ్చా? పోయినేడు తనకు కుడి భుజం పట్టేసి నెల రోజులు బాధపడింది. బంతి బరువుకు మళ్లీ వస్తుందేమోనని నా భయం. పదిమంది చూస్తుంటే తనకు టెన్షన్ కూడా. తెలిసినవాళ్లు చెప్పండి.

నల్లగొండ టీచరమ్మ:

తమ్ముడూ, చీర వద్దు. నేను పట్టుచీరలో పోయాను. వంగి బంతి వదిలేటప్పుడు కుచ్చిళ్లు కాలి కిందికి వచ్చి తూలాను, మా ఆయన పట్టుకున్నారు. ఆ తర్వాత చీర సర్దుకోవడమే సరిపోయింది, ఆట మీద మనసు లేదు. చుడీదార్ వేసుకొని చున్నీ బిగించి కట్టుకుంటే హాయిగా ఉంటుంది. ఫొటోల కోసం చీర కావాలంటే సంచిలో పెట్టుకోండి, ఆట అయ్యాక మార్చుకోవచ్చు.

సాక్సులు మర్చిపోవద్దు. బూట్లు వాళ్లే ఇస్తారు, అడుగు నున్నగా ఉండి ఆఖరి అడుగులో జారడానికి వీలుగా ఉంటాయి. పదిమంది వేసుకున్నవి కదా, మీ సాక్సులు మీకుంటే మంచిది. గోళ్లు పొడుగ్గా ఉంటే ముందురోజే తీసేయమను, బంతి రంధ్రాల్లో ఇరుక్కుంటాయి. గాజులు కూడా కుడిచేతికి తగ్గించుకోవాలి.

బుధవారం మంచి ఆలోచన. ఆదివారమైతే మన వెనక జనం నిలబడి ఎప్పుడు లేస్తారా అని చూస్తుంటారు. మధ్యాహ్నం భోజనం కాకముందే పోండి. లేన్, అదే బంతి దొర్లించే చెక్కదారి, ఖాళీ ఉందో లేదో, రేటెంతో ముందురోజు ఫోన్ చేసి అడుగు.

వనపర్తి నుంచి:

అన్నా, నేను హైదరాబాద్‌లో ఉద్యోగం, వారం వారం ఆడతాను. భుజం సంగతి ముందు చెప్తా. బంతులు 6 పౌండ్ల నుంచి 16 పౌండ్ల వరకు ఉంటాయి, బంతి మీదే అంకె ఉంటుంది. వదినకు 8 ఇవ్వండి, అంటే మూడున్నర కిలోల పైచిలుకు. బొటనవేలు, మధ్యవేలు, ఉంగరంవేలు రంధ్రాల్లో వదులుగా తిరగాలి. భుజం బలంతో విసరొద్దు. చేయి గోడ గడియారం లోలకంలా వెనక్కి పోయి ముందుకు రావాలి, బరువే బంతిని తీసుకుపోతుంది. బంతి తిరిగొచ్చే చోట రెండు చేతులతో, పక్కల నుంచి ఎత్తాలి. రెండు బంతుల మధ్య వేళ్లు పెడితే నలుగుతాయి. ఒక ఆట అయ్యాక నొప్పి అనిపిస్తే అక్కడే ఆపేయండి.

బంతి వదిలే చోట లేన్ మొదట్లో ఒక గీత ఉంటుంది, అది దాటొద్దు. దాని అవతల చెక్కకు నూనె పూసి ఉంటుంది, కాలు పెడితే పడతారు. మొదటి పిన్ను ఆ గీతకు 60 అడుగుల దూరం. అంత దూరం చూసి గురిపెట్టడం కొత్తవాళ్లకు కష్టం. లేన్ మీద దగ్గర్లోనే బాణం గుర్తులు ఏడుంటాయి, వాటిని చూసి వేయండి. బంతి పక్క కాలువలో పడుతూ ఉంటే అడ్డకడ్డీలు లేపమని అడగండి, పెద్దవాళ్లకూ లేపుతారు.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇది. ఒకరి మీద ఒకరు ఆడొద్దు. స్కాచ్ డబుల్స్ అని ఒక పద్ధతి ఉంది. ఇద్దరికీ కలిపి స్క్రీన్ మీద ఒకే పేరు రాయించండి. మొదటి బంతి మీరు వేస్తే, మిగిలిన పిన్నులకు వదిన వేస్తారు. ఇలా బంతి బంతికీ మారుతూ పది ఫ్రేములు, అంటే పది వంతులు. మీరు వదిలేసినవి తను పడగొడితే అది స్పేర్, పదికి తోడు తర్వాతి బంతికి పడ్డవన్నీ కలుస్తాయి. నేను, నాతో నిశ్చయమైన అమ్మాయి మొదటిసారి విడివిడిగా ఆడాం. తను ఓడిపోతూ మెల్లగా మౌనమైపోయింది. రెండోసారి ఇలా ఆడినప్పుడు నా బంతికి తనే కేకలు పెట్టింది.

జడ్చర్ల:

కారు లేకపోతే ఏం ఫరవాలేదు. మన బస్సు ఎంజీబీఎస్‌లో, అదే మహాత్మాగాంధీ బస్టాండులో దిగి అక్కడే మెట్రో ఎక్కండి, అమీర్‌పేటలో మారితే రాయదుర్గం. సాయంత్రం దుర్గం చెరువు తీగల వంతెన చూపించు. దీపాలు వెలిగాక చాలా బాగుంటుంది. కానీ ఆఖరి బస్సు టైం కనుక్కొని పో.

పాలమూరు పిల్లగాడు:

పోయి వచ్చాం. అక్కా, సాక్సులు రెండు జతలు పెట్టుకున్నా. వనపర్తి తమ్ముడూ, నీ మాట ప్రకారం ఒకే పేరు రాయించాం, తన పేరే. మొదటి నాలుగు బంతులూ కాలువలోకే పోయాయి. తను చుట్టూ చూసింది. ఎవరూ మమ్మల్ని చూడటం లేదు, అందరికీ వాళ్ల ఆటే. అప్పుడు చున్నీ ఇంకోసారి బిగించి కట్టింది.

ఏడో ఫ్రేములో నేను తొమ్మిది పడగొట్టా. కుడి మూలన ఒక్కటి మిగిలింది. తను బాణం గుర్తు చూసి వదిలింది. బంతి నిదానంగా, ఆగిపోతుందేమో అన్నట్టు పోయి దాన్ని తాకింది. ఆస్పత్రిలో గొంతు తగ్గించి మాట్లాడే మనిషి, అక్కడ రెండు చేతులూ ఎత్తి అరిచింది. ఆ ముఖం నేను రెండేళ్లలో చూడలేదు. మొదటి ఆటకు 58, రెండోదానికి 83. భుజానికి ఏమీ కాలేదు.

వంతెన మీద ఎక్కువసేపు ఉండలేదు, బస్సు కోసం తొందరపడ్డాం. షాద్‌నగర్ దాటాక నిద్రపోయిందనుకున్నా. కళ్లు మూసుకునే "ఈసారి తొమ్మిది పౌండ్లది పట్టుకుంటా" అంది.