ఎసిడిటీ మందు కోసం ఎలుక పొట్ట కోయాలా?

ఎం.ఫార్మసీ, విశాఖ: ఆమ్లం ఊరడాన్ని తగ్గించే కొత్త మందును నా థీసిస్ కోసం ఎలుకల మీద పరీక్షించాలి. పద్ధతి 1945 నాటిది. ఎలుకను పస్తు ఉంచి, మత్తిచ్చి, పొట్ట కోసి, జీర్ణాశయం కింది ద్వారాన్ని దారంతో ముడివేస్తాం. కొన్ని గంటలయ్యాక చంపి, లోపల చేరిన రసంలో ఆమ్లం ఎంతుందో తెలుసుకోవడానికి సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేషన్ చేస్తాం. పుండ్లను భూతద్దంతో లెక్కపెడతాం. ఇది చూసిన మొదటి రోజు ఇంటికెళ్లి అన్నం ముట్టలేదు. ఇది తప్పదా?

పాత ఫార్మకాలజీ మాస్టారు: తప్పదమ్మా. ఎసిడిటీకి వాడే ఒమెప్రజోల్ మాత్ర సంగతి చూడు. 1984లో జీవితకాలం మందు తిన్న ఎలుకల జీర్ణాశయంలో కణితులు కనబడితే మనుషుల మీద పరీక్షలు ఆపేశారు. ఆమ్లం బాగా అణిగితే గ్యాస్ట్రిన్ హార్మోను పెరుగుతుందని, కణితుల మూలం అదేనని తేల్చాకే మళ్లీ మొదలుపెట్టారు. 1988లో మందు బజారుకొచ్చింది. బీచ్ రోడ్డులో మిరపకాయ బజ్జీలు తిని మాత్ర మింగేవాళ్లకు ఈ కథ తెలియదు.

సీతమ్మధార: మాస్టారూ, అదే 1984లో ఆస్ట్రేలియా డాక్టరు బారీ మార్షల్ ఏం చేశాడు? పందిపిల్లలకు కడుపులో పుండ్లు తెచ్చే హెలికోబాక్టర్ అనే సూక్ష్మజీవిని సోకించబోతే సోకలేదు. చివరికి తానే తాగి జబ్బు తెచ్చుకున్నాడు. 2005లో నోబెల్ కూడా వచ్చింది. జంతువు చెప్పలేనిది మనిషి కడుపే చెప్పింది.

పాత ఫార్మకాలజీ మాస్టారు: సూక్ష్మజీవి సోకుతుందా అన్నది వేరు, మందు ఆమ్లాన్ని ఎంత తగ్గిస్తుందన్నది వేరు. అందరూ మార్షల్‌లా తాగలేరు కదండీ.

పరవాడ ఉద్యోగి: అసలు సమస్య వేరే ఉంది. నిజంగా కొత్త మందైతే నేనూ మాస్టారి పక్షమే. కానీ ఏటా థీసిస్‌ల కోసం పెరట్లో దొరికిన ఏదో ఒక ఆకు రసం తెచ్చి, అదే ముడి, అదే టైట్రేషన్. ఆ ఫలితం ఆ ఆకును మందుగా మార్చదు, అల్మారాలో పడి ఉంటుంది. కొత్త మందుల నిబంధనల్లో 2023లో చేసిన సవరణ కణాల మీద పరీక్షలకూ దారి తెరిచింది. మన కళాశాలలు అటు చూడటం లేదు. అమ్మాయీ, నీది ఏ రకం?

ఎం.ఫార్మసీ, విశాఖ: దాచడమెందుకు, ఆకే సర్. ఆరు గుంపులు, గుంపుకు ఆరు ఎలుకలు. జంతు ప్రయోగాలకు అనుమతిచ్చే నైతిక కమిటీ ముందుకు ఇంకా వెళ్లలేదు. నాలుగు మోతాదులకు బదులు రెండు చాలంటే 12 ఎలుకలు మిగులుతాయి.

పాత ఫార్మకాలజీ మాస్టారు: అడుగు. మందు ఇవ్వని గుంపును, ఒమెప్రజోల్ గుంపును మాత్రం తీసేయకమ్మా. పోల్చి చూడటానికి అవి లేకపోతే మిగిలిన ఎలుకలు ఊరికే చచ్చినట్టే.