ఉగాదికి పెరట్లో ఏం నాటాలి: మన నేల మొక్కలా, నర్సరీ పూలా?

మంగళం రోడ్డు:
కొత్త ఇంటి వెనకాల కొంచెం ఖాళీ స్థలం మిగిలింది. సీతాకోకచిలుకలు, పిట్టలు రావాలని మా పాపకు ఆశ. నర్సరీకి వెళితే పెటూనియా, కాగితం పూలు, ముద్దమందారం చూపిస్తున్నారు. మా అత్తమ్మేమో నందివర్ధనం, కనకాంబరం, తంగేడు చాలు, అవే మన నేల మొక్కలు అంటుంది. ఉగాదిలోపు నాటేయాలని ఉంది. తిరుపతి ఎండల సంగతి తెలిసినవాళ్ళు చెప్పండి.

కొండకింద:
అత్తమ్మ మాట వినండి. సీతాకోకచిలుకకు తాగడానికి తేనె కావాలి, గుడ్లు పెట్టడానికి ఆకు కావాలి. తేనె ఏ పువ్వులో ఉన్నా తాగుతుంది గానీ ఆకు విషయంలో దాని పట్టింపు దానికి ఉంటుంది. కరివేపాకు, నిమ్మ ఉంటే నల్లవి పెద్దవి వచ్చి గుడ్లు పెడతాయి. తంగేడుకు పసుపు రంగువి వస్తాయి. జిల్లేడుకు నారింజ రంగువి వస్తాయి, వాటి గొంగళి పురుగులు జిల్లేడు పాలలోని విషాన్ని ఒంట్లో దాచుకుంటాయి కాబట్టి పిట్టలు వాటి జోలికి పోవు. కాగితం పూలు, పెటూనియా రెండూ దక్షిణ అమెరికావి, వాటి ఆకులు మన సీతాకోకచిలుకల పిల్లలకు దాదాపు పనికిరావు. ముద్దమందారంలో రేకులు కిక్కిరిసి ఉంటాయి, తేనె దాకా నోరు అందదు, కాబట్టి ఒంటిరేకు మందారమే పెట్టండి. నూరువరహాలు తప్పకుండా పెట్టండి, పొదగా పెరగనివ్వండి. పిట్టలకు గిన్నెలో నీళ్ళు కూడా పెట్టండి.

ఉగాదికే అన్నీ నాటకండి. ఏప్రిల్, మే ఎండకు లేత వేరు తట్టుకోదు. మనకు పెద్ద వానలు అక్టోబరు, నవంబరులో కదా, చెట్టయ్యే మొక్కలు అప్పుడు పెట్టండి. ఇప్పుడు కరివేపాకు, కనకాంబరం పెట్టి సాయంత్రం నీళ్ళు పోసి మొదట్లో ఎండుటాకులు కప్పండి.

బంతితోట:
బయటి మొక్కలు పనికిరావంటే బంతి సంగతేంటన్నా? అది మన పువ్వు కాదా?

కొండకింద:
బంతి పుట్టింది మెక్సికో వైపు. మన దేశానికి సముద్రం మీద వచ్చింది.

బంతితోట:
అన్నా, మా నాయన పలమనేరు దగ్గర బంతి పండించే మమ్మల్ని చదివించాడు. గుమ్మానికి తోరణం బంతి, అమ్మవారికి మాల బంతి. అది పరాయిదని మీరు ఒక్క మాటతో తీసేస్తే ఎట్లా? మిరపకాయ కూడా అమెరికా నుంచే వచ్చింది, ఊరగాయ మానేస్తామా? మా తోటలో పొద్దున పోతే ఒంటిరేకు బంతి మీద తేనెటీగలు ఎన్ని ఉంటాయో వచ్చి చూడండి.

కొండకింద:
నేను బంతి వద్దనలేదు. పురుగుకు ఆకు గురించి మాట్లాడుతున్నా.

బంతితోట:
పనికిరాదు అన్నారు. పైన ఉంది చూసుకోండి.

టీచరమ్మ చిత్తూరు:
ఆయన పనికిరావన్నది కాగితం పూలు, పెటూనియా గురించి నాయనా. పోనీ, లాంటానా చూడండి. దాని పువ్వుల మీద వాలినన్ని సీతాకోకచిలుకలు ఇంకెక్కడా వాలవు. అదీ అమెరికాదే, పిట్టలు పండు తిని కొండ అంచులంతా నాటేస్తున్నాయి, దాని కింద గడ్డి మొలవదు, పశువు తింటే జబ్బు పడుతుంది. పువ్వు మీద వాలింది కదా అని మొక్క మంచిదని లెక్క వేయకూడదు. బంతి అట్లా అడవిలోకి పాకదు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

రాయలచెరువు రోడ్డు:
ఇంతమంది ఇన్ని చెప్పారు, పాముల గురించి ఒక్కరూ ఎత్తలేదు. ఎండుటాకులు కప్పమంటారు, పొదలు పెంచమంటారు, పిట్టలకు నీళ్ళు పెట్టమంటారు. ఆకుల కింద కప్పలు, ఎలుకలు చేరతాయి, వాటి వెనక పాము వస్తుంది. నీళ్ళ గిన్నెలో దోమలు పెరుగుతాయి. జామో సపోటానో పెడితే కోతుల మంద దిగుతుంది, మిద్దె మీద బట్టలు కూడా మిగలవు. చిన్నపాప ఉన్న ఇంట్లో ఇవన్నీ ఎందుకు? గచ్చు వేయించి నాలుగు కుండీలు పెట్టుకోండి, ఇల్లు శుభ్రంగా ఉంటుంది.

అద్దె ఇల్లు:
కుండీలో పెట్టిన కరివేపాకుకు కూడా సీతాకోకచిలుక వస్తుంది. మాకు వచ్చింది.

కొండకింద:
నీళ్ళ గిన్నె రోజూ కడిగి మారిస్తే దోమ పుట్టదు, గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. పెరట్లో కనబడే పాముల్లో ఎక్కువ జెర్రిపోతులు, ఎలుకల్ని తింటాయి, విషం లేదు. గచ్చు వేస్తే నేల ఉడికి ఇల్లు ఇంకా వేడెక్కుతుంది, వాన నీళ్ళు వీధిలోకి పోతాయి. శేషాచలం 2010లో బయోస్ఫియర్ రిజర్వ్, అంటే అడవినీ అందులోని జీవాలనీ కాపాడే ప్రాంతం, అయింది, దాని అంచున ఉన్న ఊరు మనది. కొండ మీది పిట్ట కిందికి వస్తే వాలడానికి ఒక్క కానుగ కొమ్మ లేకుండా చేసుకుంటున్నాం.

రాయలచెరువు రోడ్డు:
కొండ అంచున ఉన్నామనే నేనూ చెబుతున్నా. 2023లో అలిపిరి నడకదారిలో చిరుత చిన్నపాపను పొట్టన పెట్టుకుంది. మరిచిపోయారా? అడవిని ఇంటికి పిలవమంటున్నారు మీరు.

కొండకింద:
ఆ పాప సంగతి ఈ వాదనలోకి లాగకండి సార్. ఊళ్ళోకి చిరుత వస్తే కుక్కల కోసం, చెత్తకుప్ప దగ్గర పందుల కోసం వస్తుంది. తంగేడు పువ్వు కోసం రాదు. చెత్త గురించి మాట్లాడే ధైర్యం లేక మొక్కల మీద పడుతున్నారు మీరు.

రాయలచెరువు రోడ్డు:
ధైర్యం గురించి నాకు చెప్పకండి. మా పక్కింటాయన మీలాగే ప్రకృతి అంటూ గోడ పక్కనే రాళ్ళు, కట్టెలు పేర్చి పొద పెంచాడు. చాలాసార్లు తీయమన్నాం, నవ్వి ఊరుకున్నాడు. ఒక రాత్రి కట్లపాము మా స్నానాలగదిలోకి వచ్చింది. మా అమ్మకు చూపు సరిగా ఆనదు, చీకట్లో చెంబు కోసం చెయ్యి పెట్టబోయింది. నేను వెనకే ఉన్నాను కాబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి ఆమె రాత్రుళ్ళు లేవాలంటే భయపడి నీళ్ళు తాగడం తగ్గించేసింది. జెర్రిపోతు, ఎలుకలు అని మీరు చెప్పే పాఠం ఆమెకు చెప్పండి. మీ పెరడు మీ గోడ దగ్గర ఆగదు. మీ ఇష్టానికి మా ఇంట్లోవాళ్ళు భయపడాలా?

టీచరమ్మ చిత్తూరు:
అమ్మగారు క్షేమం, అదే చాలు. ఇది ముందే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు సార్.

కొండకింద:
మీ అమ్మగారికి జరిగింది చాలా పెద్ద విషయం. కట్లపాము ఇంట్లోకి వస్తుంది, కుట్టినా నొప్పి పెద్దగా తెలియదు, అందుకే అది ప్రమాదం. గోడ పక్కన రాళ్ళ గుట్ట, కట్టెల మోపు పెట్టడం తప్పే, అక్కడ ఎవరి పక్షమూ తీసుకోను.

కానీ గోడ దాటేది పాము ఒక్కటే కాదు. మా ఎదురింటివాళ్ళు దోమలకని మందు కొట్టిస్తారు, పొగ మా పెరట్లోకి వస్తుంది. మునగచెట్టు పూత మీద వాలే తేనెటీగలు తెల్లారేసరికి కింద రాలి ఉంటాయి. పోయిన చలికాలం కరివేపాకు మీద పురుగు పెరుగుతుంటే మా అమ్మాయి రోజూ చూసేది. మొదట పిట్ట రెట్టలా ఉండి, పెద్దదై ఆకుపచ్చగా మారింది. వేలితో తాకితే తలమీద నుంచి ఎర్రటి కొమ్ముల్లాంటివి బయటికి తోసి ఘాటు వాసన వదిలేది. మందు కొట్టిన మర్నాడు ఆకుకు అతుక్కుని నల్లబడిపోయి ఉంది. అడిగితే నా ఇల్లు నా ఇష్టం అన్నారు. మీ పక్కింటాయన నవ్వులో ఉన్నదీ అదే మాట కదా సార్?

రాయలచెరువు రోడ్డు:
పురుగునూ మా అమ్మనూ ఒకే తూకం వేస్తున్నారా?

కొండకింద:
వేయడం లేదు. పక్కింటివాళ్ళను అడగకుండా చేసే పని గురించి చెబుతున్నా. పొదైనా, పొగైనా.

బంతితోట:
ఇది మొదటి నుంచీ మాట్లాడి ఉంటే నేను బంతి గురించి అంత గొడవ పడేవాణ్ణే కాదు. మాకూ అంతే, పై చేనాయన మందు కొడితే మా పూల మీద పడి ఆ కోత సంతకు పనికిరాకుండా పోయింది. బంతిది మెక్సికో అయితే నాకేంటి, ఈ మందు గొడవే నాకు ముఖ్యం.

మంగళం రోడ్డు:
నా ప్రశ్న ఇంత దూరం వస్తుందనుకోలేదు. రాయలచెరువు రోడ్డు అన్నా, అమ్మగారి సంగతి చదివాక మా పాప గురించి టెన్షన్ మొదలైంది. గచ్చు వేయాలని మాత్రం లేదు. ఏ మొక్క ఎంత దూరంలో పెట్టాలో మీరే చెప్పండి, పెట్టేముందు పక్కింటివాళ్ళకూ చూపిస్తాను.

రాయలచెరువు రోడ్డు:
గోడకు మూడడుగులు వదిలేయండి, అక్కడ గడ్డి కూడా ఉండకూడదు. ఎండుటాకులు మొక్క మొదట్లో పలుచగా వేయండి, కుప్ప పోయొద్దు. రాళ్ళు, పాత ఇటుకలు అసలొద్దు. మోరీకి జాలీ బిగించండి, తలుపు కింద సందు మూసేయండి. రాత్రి పెరట్లోకి పోతే టార్చి, చెప్పులు ఉండాలి. కోళ్ళ దాణా, బియ్యం నూకలు బయట వదిలితే ఎలుకలొస్తాయి, ఎలుకల వెనకే పాము. ఇవన్నీ చేస్తే మీ నందివర్ధనానికి నేను అడ్డు చెప్పను. మా పక్కింటాయన చేసేదాకా మా వైపు మాత్రం నేను ఒప్పుకోను.

కొండకింద:
అన్నీ సరైనవే. దోమల మందు కొట్టేముందు ఒకరోజు చెప్పమని కూడా పక్కింటివాళ్ళను అడగండి. కరివేపాకు ఆకులు పురుగు తిన్నా మందు వేయకండి, అది మళ్ళీ చిగురిస్తుంది. వంటకు ఇంకో మొక్క పెట్టుకోండి.

అద్దె ఇల్లు:
తంగేడు విత్తనాలు ఎవరి దగ్గరైనా ఉన్నాయా? నర్సరీల్లో దొరకడం లేదు.

టీచరమ్మ చిత్తూరు:
రోడ్డు పక్క చెట్టుకు కాయ ఎండాక కోసుకోవచ్చు. పైతోలు గట్టి, వేడినీళ్ళలో రాత్రంతా నానబెట్టి పెట్టండి. మా బడి వెనకాల ఉంది, కాయ ఎండితే పంపిస్తాను.