చదువుకోడానికి వచ్చి మొదటిసారి స్కీయింగ్‌కి వెళ్తున్నవాళ్లకి ఏం చెప్తారు?

తొలిమంచు:
యూనివర్సిటీ స్కీ క్లబ్ వాళ్లు వారాంతం ట్రిప్ పెట్టారు. బస్సు, బస వాళ్లే చూసుకుంటారు. స్కీలు, బూట్లు అద్దెకి తెచ్చుకోవాలి, క్లాసుకి విడిగా డబ్బు కట్టాలి. మంచు మీద నడవడమే తప్ప జారడం బొత్తిగా తెలీదు. క్లాసు తప్పదా, వీడియోలు చూసి వెళ్తే చాలదా? ఏవి కొనాలి, ఏవి అద్దెకి తీసుకోవాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

పల్లంపక్షి:
క్లాసు తీసుకోండి. ఖర్చు తగ్గించుకోవాలంటే బట్టల దగ్గర తగ్గించండి, లిఫ్ట్ పాస్ (కొండ పైకి చేర్చే యంత్రాల టికెట్) దగ్గర తగ్గించండి. మొదటి రోజు కొండంతటికీ పనికొచ్చే పాస్ దండగ, మీరు తిరిగేది కింద ఉన్న బిగినర్ ఏరియాలోనే. చాలా చోట్ల క్లాసు, అద్దె సామాను, ఆ ఏరియా లిఫ్ట్ కలిపి ఒకే ప్యాకేజీగా ఇస్తారు, ముందు అది అడగండి.

వీడియోతో వచ్చే చిక్కు ఏంటంటే, మీ బరువు ఎక్కడ పడుతోందో అది చెప్పలేదు. పల్లం చూసి భయం వేయగానే ఒళ్లు దానంతటదే వెనక్కి వాలుతుంది. అప్పుడు స్కీ ముందు భాగం మీద బరువు ఉండదు, తిప్పినా తిరగదు, వేగం పెరుగుతుంది. వేగం పెరిగేకొద్దీ ఇంకా వెనక్కి వాలతారు. మోకాలి కింద, పిక్కకి ముందువైపున ఉండే ఎముక బూటు ముందు భాగాన్ని ఎప్పుడూ నొక్కుతూ ఉండాలి. అది తప్పితే ఇన్‌స్ట్రక్టర్ చూడగానే పట్టేస్తారు, మీ అంతట మీకు తెలియదు.

హిమకిరణం:
నేను బూట్ల గురించే చెప్తా, సగం మందికి మొదటి రోజు పాడయ్యేది అక్కడే. వీలైతే ముందు రోజు సాయంత్రమే అద్దె షాపుకి వెళ్లండి. పొద్దున్నే వెళ్తే క్యూ ఉంటుంది, ఆ తొందరలో ఏదో ఒకటి తొడుక్కుని వచ్చేస్తారు.

స్కీ బూటు సైజు సెంటీమీటర్లలో ఉంటుంది. మడమ గోడకి ఆనించి బొటనవేలి దాకా కొలవండి, 26.5 వస్తే 26.5 అడగండి. సన్నటి, మోకాలి దాకా వచ్చే సాక్స్ ఒక్క జతే. రెండు జతలు వేస్తే వెచ్చగా ఉంటుందనుకుంటారు గానీ లోపల మడతలు పడి ఒరుసుకుంటాయి, రక్తం సరిగ్గా ఆడక కాళ్లు ఇంకా చల్లబడతాయి. లోపలి ప్యాంటు అంచు కూడా బూటులోకి పోకూడదు.

కాలు పెట్టాక మడమని నేలకేసి రెండుసార్లు తట్టండి, మడమ వెనక్కి కూర్చుంటుంది. ముందు చీలమండ దగ్గరి బకిల్ పెట్టి, తర్వాత పైవి, చివరికి వేళ్ల దగ్గరివి వదులుగా. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు గోడకి తగలాలి, మోకాళ్లు వంచితే కొంచెం వెనక్కి రావాలి. అదే సరైన సైజు. బిగుతుగా ఉందని ఒక సైజు పెద్దది అడగడమే అందరూ చేసే పొరపాటు. లోపల పాదం జారుతుంటే బకిల్స్ గట్టిగా లాగుతారు, ఇక వేళ్లు మొద్దుబారిపోతాయి.

ఇంకొకటి. షాపులో బరువు, ఎత్తు, వయసు అడుగుతారు. నిజం చెప్పండి. పడినప్పుడు బూటు నుంచి స్కీ ఎంత ఒత్తిడికి ఊడాలో, అంటే డిన్ సెట్టింగ్, ఆ వివరాలతో, బూటు అడుగు పొడవుతో కలిపి లెక్కేస్తారు. మరీ బిగుతైతే పడినా స్కీ ఊడదు, మోకాలు మెలిపడుతుంది. మరీ వదులైతే మలుపులోనే ఊడిపోతుంది. మధ్యలో బూట్లు మార్చుకుంటే బైండింగ్, అంటే బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపు, మళ్లీ సరిచేయించాల్సిందే.

తొలిమంచు:
ఇంత వివరంగా రాసినందుకు థాంక్సండీ. జీన్స్ మీద జాకెట్ వేసుకుంటే సరిపోతుందా?

నీలిగీత:
జీన్స్ వద్దు, కాటన్ ఏదీ వద్దు. తడిస్తే ఆరదు, ఒంట్లో వేడిని లాగేస్తుంది. లోపల పాలిస్టర్ లేదా ఉన్ని, మీద ఫ్లీస్, ఆపైన నీళ్లు దిగని జాకెట్టు, ప్యాంటు. ఆ పైవి రెండూ క్లాస్‌మేట్స్ దగ్గర అడిగి తీసుకోండి. కొనాల్సినవి సాక్స్, వాటర్‌ప్రూఫ్ గ్లవ్స్. అల్లిన ఉన్ని గ్లవ్స్ రెండుసార్లు మంచు తగిలితే నానిపోతాయి. వేలాడే స్కార్ఫ్ లిఫ్ట్‌లో చిక్కుకుంటుంది, మెడకి గొట్టంలా ఉండే నెక్ వార్మర్ వాడండి. హెల్మెట్ అద్దెకి దొరుకుతుంది, దాని కింద మందపాటి టోపీ పెట్టకండి.

సన్‌స్క్రీన్ మరవద్దు. తాజా మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా వెనక్కి కొడుతుంది. ఎండ కింద నుంచి కూడా వస్తుంది కాబట్టి గడ్డం కింద, ముక్కు కింద రాయాలి.

పల్లంపక్షి:
మంచు మీదకి వెళ్లాక సంగతులు. స్కీ తొడిగే ముందు బూటు అడుగున అంటిన మంచు గీకేయండి. అది ఉంటే బైండింగ్ పట్టినట్టే ఉంటుంది, కాసేపటికి ఊడుతుంది. స్కీలని పల్లానికి అడ్డంగా పెట్టి, కింద వైపుది ముందు తొడగండి.

ఆగడం: స్కీల ముందు కొనలు దగ్గరగా, వెనక చివర్లు దూరంగా. క్లాసులో దీన్నే పిజ్జా అంటారు. మడమలతో బయటికి తోయాలి, మోకాళ్లని ఒకదానికొకటి తాకించకూడదు. ముందు కొనలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే పడతారు, ఒక జానెడు ఖాళీ ఉంచండి. ఎడమ కాలి మీద బరువు వేస్తే కుడికి తిరుగుతారు, కుడి కాలి మీద వేస్తే ఎడమకి. పల్లం ఎక్కువగా ఉన్నచోట పిజ్జా ఒక్కటే ఆపలేదు. అడ్డంగా తిరిగి స్కీల కొనలు కొంచెం కొండ పైవైపుకి పెట్టండి, వేగం అదే చచ్చిపోతుంది.

పడేటట్టు ఉంటే పక్కకి, కొండ పైవైపుకి పడండి. పోల్స్ (చేతికర్రలు) వదిలేయండి. పట్టుకునే పడితే బొటనవేలి మొదట్లో లిగమెంట్ తెగుతుంది, డాక్టర్లు దాన్ని స్కీయర్స్ థంబ్ అనే అంటారు. జారుతుండగానే లేవబోవద్దు, మోకాలి లిగమెంట్లు పోయేది అలాగే. పూర్తిగా ఆగాక స్కీలు రెండూ మీకు కింద వైపు, పల్లానికి అడ్డంగా తెచ్చి, నడుం పక్కన చెయ్యి ఆనించి లేవండి. లేవలేకపోతే పైవైపు స్కీ ఊడదీయండి.

మంచుబాట:
లిఫ్టుల మాట ఎవరూ ఎత్తలేదు. కాళ్ల మధ్య పెట్టుకునే బటన్ లిఫ్ట్ మీద కూర్చోకూడదు, అది లాగుతుందంతే. కూర్చుంటే స్ప్రింగు సాగి కిందపడతారు. చెయిర్‌లిఫ్ట్‌కి వెళ్లేటప్పుడు పోల్ పట్టీలు మణికట్టు నుంచి తీసేసి రెండూ ఒక చేత్తో పట్టుకోండి, వీపు బ్యాగు ముందుకి తెచ్చుకోండి. మొదటిసారని ఆపరేటర్‌కి చెప్తే చాలా లిఫ్టుల్లో వేగం తగ్గిస్తారు. పైన దిగేటప్పుడు స్కీ కొనలు పైకెత్తి ఉంచండి, నేల తగిలాక లేచి తిన్నగా ముందుకి పోండి. అక్కడే నిలబడితే వెనక కుర్చీవాళ్లు మీ మీద పడతారు.

దారుల రంగులు దేశాన్ని బట్టి మారతాయి. యూరప్‌లో నీలం తేలిక, ఎరుపు మధ్యస్థం, నలుపు కష్టం. ఫ్రాన్స్‌లో నీలం కంటే తేలికైన ఆకుపచ్చ కూడా ఉంటుంది. ఉత్తర అమెరికాలో తేలికైనది ఆకుపచ్చ వృత్తం, నీలం చతురస్రం మధ్యస్థం. ఎక్కడైనా ముందు వెళ్లేవాళ్లదే హక్కు, తప్పుకోవాల్సింది వెనకవాళ్లే. ఇది అంతర్జాతీయ స్కీ సమాఖ్య (ఎఫ్ఐఎస్) పెట్టిన 10 నియమాల్లో ఒకటి. ఆగాలంటే అంచుకి వచ్చి ఆగండి.

జారుడుబల్ల:
స్నోబోర్డ్ (రెండు కాళ్లకీ కలిపి ఒకే పలక) కావాలంటే అదీ బాగుంటుంది, కానీ వారాంతం ట్రిప్ అంటున్నారు కాబట్టి స్కీయే మేలు. బోర్డులో మొదటి రోజంతా పడడం, లేవడమే. బోర్డే ఎంచుకుంటే మణికట్టుకి గార్డులు కట్టుకోండి, పడేటప్పుడు పిడికిళ్లు మూసి ముంజేతుల మీద పడండి.

నీలిగీత:
బయల్దేరే ముందు మీ స్టూడెంట్ ఇన్సూరెన్స్ కాగితాలు తీసి మూడు చూడండి: శీతాకాలపు క్రీడలు కవరవుతాయా, కొండ మీద నుంచి కిందికి తెచ్చే రెస్క్యూ ఖర్చు ఇస్తారా, మనవల్ల వేరేవాళ్లకి దెబ్బ తగిలితే కడతారా. చాలా పాలసీల్లో మొదటిది విడిగా కొనాలి. ఇటలీ స్లోపుల మీదైతే మూడోది 2022 జనవరి నుంచి చట్టప్రకారం తప్పనిసరి.

హిమకిరణం:
అద్దె స్కీలన్నీ ఒకేలా ఉంటాయి. వాటి మీద ఉన్న నంబరు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. భోజనానికి వెళ్లేటప్పుడు జతని విడదీసి రెండు చోట్ల గుచ్చితే ఇంకొకరు పొరపాటున పట్టుకెళ్లరు.