అప్‌డేట్: కావలి ఊళ్లోని ఇంటికి సిమెంటు రేకులు తీసి కలర్ రేకులు

పాత సిమెంటు రేకులు మార్చాలి, కాంట్రాక్టర్‌ని ఎలా ఎంచుకోవాలి అని అడిగాను కదా. ఈశాన్య రుతుపవనాలు రాకముందే పని అయిపోయింది.

కొటేషన్‌లో ఉత్త ‘0.5 ఎంఎం’ అని రాస్తే ఒప్పుకోకండి. అది పూతలతో కలిపిన మందమైతే లోపలి ఉక్కు 0.45 దగ్గరే ఉంటుంది. రెండు మందాలూ, పూత రకం, స్క్రూల రకం రాసిచ్చిన వాళ్లకే పని ఇవ్వండి. డబ్బు విడతలుగా, చివరి విడత మాత్రం పైన నీళ్లు కొట్టి చూశాకే.

పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. తడిపి, పగలగొట్టకుండా దించాలి. దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం, పిల్లల్ని దూరంగా ఉంచండి.

అసలు తేడా స్క్రూల దగ్గరే వస్తుంది. రబ్బరు వాషర్ ఉన్నవి, రేకు మిట్ట మీదే బిగించాలి. పల్లంలో వేస్తే నీరు నిలిచి కారుతుంది. మరీ బిగిస్తే వాషర్ నలిగి, ఎండకు చిట్లుతుంది. తుపాను గాలి మొదట లేపేది చూరు అంచుల్నే, అక్కడ ప్రతి మిట్టకీ ఒక స్క్రూ పడాలి. పొడవులో రేకు మీద రేకు కనీసం 6 అంగుళాలు ఎక్కాలి.

గ్రైండర్‌తో కోయనివ్వకండి. నిప్పురవ్వలు పడ్డచోట పూత కాలి, ఉప్పుగాలికి తుప్పు అక్కడే మొదలవుతుంది. రేకు కత్తెరే వాడమనండి.