అణువు పెద్దదా, పరమాణువు పెద్దదా?

ప్రశ్న: బడి పుస్తకం ప్రకారం రెండు ఆక్సిజన్ పరమాణువులు కలిస్తే ఒక ఆక్సిజన్ అణువు. మరి అణుబాంబులో చీలేది పరమాణువు కేంద్రకమే కదా, దాన్ని పరమాణు బాంబు అనాలి. హిందీవాళ్లు అలాగే అంటున్నారు. మనవాళ్లు పొరబడ్డారా?

జవాబు: పొరపాటు అనను. 'అణువంత', 'అణువణువునా' అంటున్నప్పుడు అణువంటే అతి చిన్నదనే అర్థం. అణుబాంబు ఆ వాడుకకు దగ్గర. పాఠ్యపుస్తకంలో అణువు పరిభాష, దానికి హద్దులు గీశారు.

మరొకరు: భాగవతం తృతీయ స్కంధంలో రెండు పరమాణువులు ఒక అణువు, మూడు అణువులు ఒక త్రసరేణువు అని ఉంది. కిటికీలోంచి పడే ఎండలో కనిపించే రేణువే త్రసరేణువు. అంటే ఆధునిక పరమాణు సిద్ధాంతం చెప్పిన ఇంగ్లండు శాస్త్రవేత్త డాల్టన్ కంటే ముందే మనకు తెలుసన్నమాట!

జవాబు: మాస్టారూ, పేర్ల వరుస ముచ్చటగా కుదిరింది, కాదనను. అంతకు మించి లాగకండి. ఆ అధ్యాయం కాలాన్ని కొలవడం గురించి. పరమాణువుల గురించి చెప్పిన మన ప్రాచీన దర్శనకారులు వైశేషికుల లెక్కలో పరమాణువులు పృథివి, జలం, తేజస్సు, వాయువు అని నాలుగు జాతులు. డాల్టన్ పట్టు వేరు: ప్రతి మూలకం పరమాణువుకూ తనదైన బరువు ఉంటుందన్నాడు, త్రాసుతో తేల్చగల మాట అది. 3 గ్రాముల కార్బన్ 4 గ్రాముల ఆక్సిజన్‌తో కలిస్తే ఒక వాయువు, 8 గ్రాములతో కలిస్తే ఇంకొకటి. సరిగ్గా రెట్టింపు. పరమాణువును సగం చేయలేం కనుక ఒకటికి ఒకటి, ఒకటికి రెండు అన్న లెక్కలే వస్తాయి.

అసలు తమాషా ఏమిటంటే, మొదట అడిగిన అణువు-పరమాణువు చిక్కు యూరప్‌లోనూ యాభై ఏళ్లు నడిచింది. డాల్టన్ 1808 నాటి పుస్తకంలో నీటి కణాన్ని కూడా సంయుక్త పరమాణువనే అన్నాడు. ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ కలిస్తే నీరని ఊహించి హైడ్రోజన్ పరమాణువు బరువు 1 అనుకుంటే ఆక్సిజన్‌ది 7 అని లెక్కకట్టాడు. ఆ సమయంలోనే ఫ్రెంచి శాస్త్రవేత్త గే-లుసాక్ ఘనపరిమాణంలో రెండు పాళ్ల హైడ్రోజన్, ఒక పాలు ఆక్సిజన్ వాయువు కలిస్తే రెండు పాళ్ల నీటి ఆవిరి వస్తుందని చూపాడు. ఒక పాలు ఆక్సిజన్ రెండు పాళ్ల ఆవిరిలోకి వెళ్లాలంటే ఆక్సిజన్ కణం రెండుగా విడిపోవాలి. కణమే పరమాణువైతే అది ఎలా కుదురుతుంది? 1811లో ఇటలీ శాస్త్రవేత్త అవగాడ్రో దారి చూపాడు: వాయువులో తిరిగే కణం (మన అణువు) వేరు, దానిలోని మూల కణాలు (మన పరమాణువులు) వేరు. ఒకే రకం పరమాణువులు ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయని నమ్మిన డాల్టన్‌కు రెండు ఆక్సిజన్లు జతకట్టడం మింగుడుపడలేదు. గే-లుసాక్ కొలతలనే శంకించాడు. మొండితనమే, కానీ కారణం లేని మొండితనం కాదు.

ఆ తర్వాతి గందరగోళానికి ఒక్క ఉదాహరణ: 1861 నాటి జర్మన్ రసాయనవేత్త కెకులే పుస్తకంలో ఎసిటిక్ ఆమ్లానికి చెలామణిలో ఉన్న 19 సూత్రాలు వరుసగా ఉన్నాయి. అంతకు ఏడాది ముందు జర్మనీలో రసాయనవేత్తలు కలిసిన కార్ల్స్‌రూహే సమావేశంలో ఇటలీ రసాయనవేత్త కానిజారో అవగాడ్రో వాదాన్ని మళ్లీ బల్లమీద పెట్టాకే రెండు మాటల మధ్య గీత మెల్లగా స్థిరపడింది.

ప్రశ్న వేసినవారు: అయితే బాంబును అలాగే వదిలేద్దామా?

జవాబు: వదిలేయండి. పత్రికలో అణుశక్తి అన్నా ఎవరూ తికమకపడరు. లెక్క చేసేటప్పుడు మాత్రం పిల్లలకు గట్టిగా చెప్పండి: ఆక్సిజన్ పరమాణు భారం 16, అణు భారం 32.