1750 నాటి అమెరికా వలస పత్రికల్లో తేదీలు, ‘ఎస్’ అక్షరం: ఎలా సరిచూడాలి?

ఫిలడెల్ఫియాలో అచ్చయిన పెన్సిల్వేనియా గెజెట్ పత్రిక 1745–1755 సంచికల్లోని ఓడల రాకపోకలు, పారిపోయిన బానిసల, ఒప్పంద నౌకర్ల ప్రకటనలు పట్టికలో ఎక్కించాలి. రెండు చోట్ల పని ఆగింది.

మొదటిది అక్షరం. అప్పటి అచ్చులో మాట మొదట్లో, మధ్యలో వచ్చే ‘ఎస్’ పొడుగ్గా, ‘ఎఫ్’లా ఉంటుంది, మాట చివర మాత్రం మామూలుదే. స్కాన్ చదివే సాఫ్ట్‌వేర్ ‘షిప్’ను ‘ఎఫ్’తో రాసిపెడుతుంది. అలాంటి అర్థంలేని మాటలైతే వెతికి మార్చేయొచ్చు. ‘సెయిల్’ మాత్రం ‘ఫెయిల్’ అయి కూర్చుంటుంది, అది కూడా నిజమైన మాటే! పక్క మాటలను బట్టి తేల్చే పద్ధతి ఏదైనా వాడారా, లేక ఒక్కొక్కటీ కంటితో చూడాల్సిందేనా?

రెండోది తేదీ, అసలు తలనొప్పి ఇదే. బ్రిటన్, దాని వలసలు పాత (జూలియన్) క్యాలెండర్ వదిలి కొత్త (గ్రెగోరియన్) క్యాలెండర్‌కు మారడంతో 1752 సెప్టెంబర్ 2 తర్వాతి రోజు 14 అయింది. 1751 వరకు బ్రిటిష్ చట్టం ప్రకారం కొత్త సంవత్సరం మార్చి 25న మొదలు, అందుకే ఫిబ్రవరి సంచిక మీద 1748–9 అని జంట సంవత్సరం కనిపిస్తుంది. పైగా ఒకే పేజీలో లండన్ వార్తకు పాత లెక్క, పారిస్ వార్తకు 11 రోజులు ముందుండే కొత్త లెక్క. వార్త ఫిలడెల్ఫియా చేరడానికి పట్టిన రోజులు లెక్కించాలంటే అన్నిటినీ కొత్త లెక్కలోకి మార్చాలా? అచ్చులోని తేదీని వేరే గడిలో ఉంచడం మంచిదనిపిస్తోంది. వార్త ఏ ఊరిదో రాయనప్పుడు మీరైతే ఏం చేస్తారు?