కార్‌హాప్‌లు పోవడం నష్టమా, మంచిదా?

పాతకార్లు_డల్లాస్: కారు దిగకుండానే ఆర్డర్ తీసుకుని, కిటికీకి ట్రే తగిలించి వెళ్లేవాళ్లను అమెరికాలో కార్‌హాప్‌లు అంటారు. ఇక్కడ తొలి డ్రైవ్-ఇన్‌గా (కారులోనే కూర్చుని తినే హోటల్) చెప్పుకునే పిగ్ స్టాండ్ 1921లో మన డల్లాస్‌లోనే మొదలైంది. కారు పూర్తిగా ఆగకముందే కుర్రాళ్లు ఫుట్‌బోర్డు మీదికి ఎగిరి ఆర్డర్ అడిగేవాళ్లు, ఆ పేరు అలా వచ్చిందంటారు (హాప్ అంటే గెంతడం). 1948లో మెక్‌డొనాల్డ్ సోదరులు కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో తమ హోటల్లో కార్‌హాప్‌లందరినీ తీసేసి, హోటల్ కిటికీ దగ్గర క్యూ పెట్టించారు. మిగతావాళ్లూ అదే దారి పట్టారు. ఇప్పుడు మనిషితో కాకుండా స్పీకర్ పెట్టెతో మాట్లాడుతున్నాం. నాకిది పెద్ద నష్టం. మీరేమంటారు?

పద్మ_బెజవాడ: నష్టం ఎవరికండీ? కూర్చుని తిన్నవాళ్లకా, ట్రే మోసినవాళ్లకా? చాలామంది బతికింది టిప్పుల మీదే. 1938లో కనీస వేతన చట్టం వచ్చినా, రెస్టారెంట్లు అందులోకి వచ్చింది 1966 సవరణతో. అప్పుడు కూడా ఓనర్లు టిప్పును జీతంలో భాగంగా లెక్కేసుకోవచ్చన్నారు. టిప్పులొచ్చే పనికి ఫెడరల్ కనీస వేతనం 1991 నుంచి గంటకు 2.13 డాలర్లే. హెచ్4 ఈఏడీ (హెచ్1బీ ఉద్యోగుల జీవితభాగస్వాములకిచ్చే పని అనుమతి) వచ్చిన కొత్తలో నేనొక రెస్టారెంట్లో కార్ల దగ్గరికి పార్సిళ్లు తీసుకెళ్లేదాన్ని. జూలై ఎండ. వచ్చిన టిప్పులో సగం ఓనర్ తీసుకునేవాడు.

శ్రీను1979: అందరూ స్కేట్లు వేసుకున్న అమ్మాయిల్ని ఊహించుకుంటారు. మొదట్లో కార్‌హాప్‌లు మగపిల్లలు. స్కేట్లు లేవు.

పాతకార్లు_డల్లాస్: పద్మ గారూ, మీ ఓనర్ చేసింది తప్పు. దానికి కార్‌హాప్ పద్ధతి ఏం చేసింది? మెక్‌డొనాల్డ్ సోదరులు వాళ్ల మీద జాలితో తీసేయలేదు. ఖర్చు తగ్గించడానికి కార్‌హాప్‌లు, ప్లేట్లు, స్పూన్లు అన్నీ తీసేశారు. మెనూలో ఇరవై అయిదింటిని తొమ్మిదికి కుదించి, హాంబర్గర్ 15 సెంట్లకు అమ్మారు. రోడ్డున పడింది ఎవరు? అప్పటికి ఆ పని చేస్తున్న అమ్మాయిలే కదా!

మైలాపూర్_వాసు: మద్రాసు కాథెడ్రల్ రోడ్డులో డ్రైవ్-ఇన్ ఉడ్‌లాండ్స్ ఉండేది, 2008లో మూసేశారు. కారులోనే ఇడ్లీ, కాఫీ. ఇప్పుడక్కడ సెమ్మొళి పూంగా పార్కు.

శ్రీను1979: స్కేట్ల సంగతికి ఎవరూ జవాబివ్వలేదు.

పద్మ_బెజవాడ: మీరు "మనిషి" అంటున్నారు. ఆ మనిషి ఎవరో కూడా చూడండి. 1963లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని మెల్స్ డ్రైవ్-ఇన్ ముందు జనం పికెటింగ్ చేశారు. నల్లవాళ్లకు వంటింట్లో పనిస్తారు గానీ కస్టమర్లకు కనబడే పని ఇవ్వరని. వందమందికి పైగా అరెస్టయ్యాకే యాజమాన్యం దిగివచ్చింది. ఒకరు ఎండలో నిలబడి సేవ చేస్తుంటే చూసి ముచ్చటపడటమే మీకు కావాలి.

పాతకార్లు_డల్లాస్: ఆ మాట వెనక్కి తీసుకోండి. మా నాన్న మద్రాసులో ఒక హోటల్లో ఇరవై రెండేళ్లు ట్రేలు మోశాడు. ఆ పనితోనే నన్ను ఇంజనీరింగ్ చదివించాడు. అది నీచమైన పని అంటే నేను ఊరుకోను.

సత్య_ఫ్రిస్కో: ఇద్దరూ కాస్త తగ్గండి.

పద్మ_బెజవాడ: నీచమని నేనెక్కడన్నాను? చేసిన పనికి జీతం ఇవ్వకుండా, టిప్పు కావాలంటే నవ్వుతూ తిరుగు అనడం నీచం. నాలుగు గంటలు తిరిగి పదకొండు డాలర్లతో ఇంటికొచ్చిన రోజులున్నాయి నాకు. మీ నాన్నగారికి నెల జీతం ఉండేదా, లేదా? అది చెప్పండి.

పాతకార్లు_డల్లాస్: ఉండేది. జీతం, రెండు పూటలా భోజనం, పడుకోవడానికి చోటు. టిప్పు ఇస్తే తీసుకునేవాడు, చెయ్యి చాపేవాడు కాదు.

పద్మ_బెజవాడ: మరి నేనడిగేది అదే. అలాంటి ఉద్యోగమైతే రేపే రమ్మనండి, నాకేం అభ్యంతరం లేదు. మీరు మొదటి పోస్టులో జీతం మాటే ఎత్తలేదు.

పాతకార్లు_డల్లాస్: ఎత్తలేదు, నిజమే. మా ఇంటి దగ్గర సోనిక్ అనే డ్రైవ్-ఇన్‌లో ఇప్పటికీ కార్‌హాప్‌లే తెచ్చిస్తారు. ఎన్నో ఏళ్లుగా వెళ్తున్నాను, వాళ్లకు గంటకు ఎంత ఇస్తారో ఒక్కసారీ అడగలేదు. శనివారం వెళ్లినప్పుడు అడిగి ఇక్కడే రాస్తాను.